తాకకున్నను తప్పని అపాయము

వేసవి సెలవులకు కొన్ని దినములు ముందు, ఒక సాయంకాలము, ఉపాధ్యాయులము ఇరువురము ఊత్తుకోట వెలుపలి పొలముల దారిని నడచి వచ్చుచుంటిమి. దారికి దాపున చేని నడుమ ఒక హైటెన్షన్ టవరు గలదు. దాని కమ్మీలలో ఎఱ్ఱని గాలిపట మొకటి చిక్కుకొని రెపరెపలాడుచుండెను. దాని కొఱకు మన ఏడవ తరగతి బాలుడొకడు టవరు కాలిని పట్టుకొని, ముండ్లతీగ చుట్టిన చోటి వఱకు ఎగబ్రాకి యుండెను. మేము కేకలు వేయలేదు. కేక విని బెదరి జారునేమో యని భయపడితిమి. మెల్లగా పేరు పెట్టి పిలిచి, "దిగి రా నాయనా! వేఱొక గాలిపటము మేము కొనిపెట్టెదము" అని చెప్పితిమి. వాడు దిగి వచ్చెను.

"అపాయమని బోర్డు వ్రాసి యున్నది గదా, ఎందులకు ఎక్కితివి?" అని అడిగితిమి. వాడు తల వంచుకొని, "నేను తీగను ముట్టుకోను గదా సార్!" అనెను.

ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. ఆ బాలుడు మొండివాడు కాడు, బుద్ధిమంతుడే. చిన్ననాటి నుండి పెద్దలు వానికి నేర్పినది "కరెంటు తీగను ముట్టుకోవద్దు" అను నొక్క మాట. ఆ మాటను వాడు పాటించుచునే యున్నాడు. తప్పు వానిది కాదు, పాఠమును సగము చెప్పి విడిచిన మాది. ఇంటి తీగకు ఆ మాట చాలును. టవరు మీది తీగకు చాలదు. దానిని మనము ముట్టనక్కఱలేదు. దగ్గఱకు పోయిన చాలును, అదే మనలను ముట్టును. ఇది ఎట్లు జరుగునో తెలియజేసి, ఆ మిగిలిన సగము పాఠమును పూర్తి చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ లైన్లు ఎక్కడివి?

మన ఊరు ఆరణి యేటి ఒడ్డున, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల సరిహద్దున ఉన్నది. మనకు తూర్పున, సముద్ర తీరమున, పెద్ద విద్యుత్కేంద్రములు వెలసినవి. ఎన్నూరు కేంద్రము 1970లో ఆరంభమై 2017లో మూతపడినది. అత్తిపట్టు నందలి ఉత్తర చెన్నై కేంద్రము 1994లో పని ఆరంభించినది. దాని దాపుననే వల్లూరు కేంద్రము గలదు. అచ్చట పుట్టిన విద్యుచ్ఛక్తి టవర్ల మీదుగా దూరప్రాంతములకు పోవుచున్నది. మన జిల్లాలోని అలమాది వంటి సబ్‌స్టేషన్లలో దాని వోల్టేజిని తగ్గించి వేర్వేరు దిక్కులకు పంపుదురు. నెల్లూరు దిక్కు నుండియు పెద్ద లైన్లు దక్షిణమునకు వచ్చుచున్నవి. కావున తిరువళ్ళూరు జిల్లాలో చేను, చెఱువు, తోట ఏది చూచినను, దాపున ఎచ్చటనో ఒక టవరు కనబడకపోదు.

మన రాష్ట్రమున ఈ పెద్ద లైన్లు 400, 230, 110 కిలోవోల్టులవి. ఆవల ఆంధ్రప్రదేశమున 400, 220, 132 కిలోవోల్టులవి. అంకెలు వేఱైనను అపాయము ఒక్కటే. కిలోవోల్టు అనగా వేయి వోల్టులు. మన యింటి ప్లగ్గులో తీగకును నేలకును నడుమ 230 వోల్టు లుండును. 230 కిలోవోల్టుల లైనులో తీగకును తీగకును నడుమ 2,30,000 వోల్టులు, తీగకును నేలకును నడుమ సుమారు 1,33,000 వోల్టులు ఉండును. ఇది ఇంటి విద్యుత్తునకు 570 రెట్లకు పైబడినది.

ఇంత వోల్టేజి ఎందులకని విద్యార్థులు అడుగవచ్చును. తీగలో కరెంటు ప్రవహించునపుడు కొంత శక్తి వేడిమిగా మారి వృథా యగును. కరెంటు రెట్టింపైనచో ఈ నష్టము నాలుగు రెట్లగును. అదే శక్తిని నాలుగు రెట్ల వోల్టేజితో పంపినచో కరెంటు నాలుగవ వంతునకు తగ్గును. నష్టము పదునాఱవ వంతునకు తగ్గును. దూరమునకు పంపునపుడు వోల్టేజిని పెంచుటలోని రహస్యము ఇదియే. ఇది మన మేలు కొఱకే చేసిన యేర్పాటు. ఆ మేలుతో పాటు అపాయమును వచ్చినది.

గాలియే తొడుగు

మన యింటి తీగకు రబ్బరు వంటి తొడుగు ఉండును. ఆ తొడుగు చిరుగనంత వఱకు తీగను పట్టుకొన్నను భయము లేదు. టవరు మీది తీగను తేఱిపాఱ చూడుడు. దానికి తొడుగు లేదు. అది ఉక్కు నడుముతో పేనిన ఒట్టి అల్యూమినియము తీగ. టవరు చేతుల నుండి పింగాణీ పళ్ళెముల దండలు వ్రేలాడుచుండును. కొన్నిచోట్ల అవి గాజువి. ఆ దండల చివర తీగ యుండును. ఈ పళ్ళెములు విద్యుద్బంధకములు. తీగలోని విద్యుత్తు ఉక్కు టవరులోనికి దిగకుండ అవి అడ్డుపడును. 230 కిలోవోల్టుల లైనులో ఒక్కొక్క దండకు సుమారు 14 పళ్ళెము లుండును. పళ్ళెము పళ్ళెమునకు నడుమ 14 లేక 15 సెంటీమీటర్లు. అనగా దండ పొడవు సుమారు 2 మీటర్లు.

దండ తగిలించిన చోటు తప్ప, తీగ పొడవునను దానికి గాలియే తొడుగు. విద్యార్థులారా! ఈ మాటను మఱువకుడు. తొడుగు ఒలిచిన ఇంటి తీగను మీరు ముట్టుదురా? ముట్టరు. టవరెక్కి తీగ దగ్గఱకు పోవుటయు అట్టిదే. ఒక్కొక్క అడుగు పైకి వేసినకొలది తీగ చుట్టునున్న గాలి తొడుగును మన చేతులతో మనమే ఒలుచుకొనుచున్నాము.

గాలి మంచి బంధకమే కాని, దానికిని ఒక హద్దు గలదు. నున్నని రెండు లోహపు పలకల నడుమ ఒక సెంటీమీటరు గాలి సుమారు 30,000 వోల్టులను ఆపగలదు. అంతకు మించినచో గాలియే వాహకమై నిప్పు రవ్వ దుముకును. పలకలకు మాఱుగా మొనదేలిన వస్తువు లున్నచో ఇందులో చిన్న భాగమునకే గాలి లొంగిపోవును. చాచిన మనిషి చేయి, వ్రేలు, చేతిలోని కఱ్ఱ, జేబులోని తాళపుచెవి ఇవన్నియు మొనలే. మేఘము నుండి నేలకు పిడుగు దిగుటయు ఇట్టిదే. పిడుగును ఎవరును పోయి ముట్టుకొనరు. అదియే వచ్చి పడును.

మఱియొక సంగతి. లైనులోని వోల్టేజి ఎల్లవేళల ఒకే తీరున ఉండదు. ఎక్కడనో దూరమున పిడుగు పడినను, సబ్‌స్టేషనులో స్విచ్చి తెఱచినను మూసినను, క్షణకాలము వోల్టేజి ఎన్నో రెట్లు పెరుగవచ్చును. నిన్న ఒకడు అంత దగ్గఱకు పోయి క్షేమముగా వచ్చినాడన్నది నేటికి హామీ కాదు.

ఒక లెక్క

ఎంత దూరమున ఉండవలెను? ఈ పనిలో శిక్షణ లేనివారి కొఱకు అమెరికా దేశమున ఒక నియమము చేసినారు. 50 కిలోవోల్టుల వఱకు తీగకు 10 అడుగుల దూరమున ఉండవలెను. ఆపైన ప్రతి 10 కిలోవోల్టులకు 4 అంగుళములు కలుపుకొనవలెను. దీనిని మన లైన్లకు అన్వయించి చూతము. 110 కిలోవోల్టులకు: 50కి పైన 60, అనగా 24 అంగుళములు, లేక 2 అడుగులు. మొత్తము 12 అడుగులు. 230 కిలోవోల్టులకు: పైన 180, అనగా 72 అంగుళములు, లేక 6 అడుగులు. మొత్తము 16 అడుగులు. 400 కిలోవోల్టులకు: పైన 350, అనగా 140 అంగుళములు. మొత్తము 21 అడుగుల 8 అంగుళములు.

ఇప్పుడు పింగాణీ దండను మరల గుర్తునకు తెచ్చుకొనుడు. 230 కిలోవోల్టుల లైనులో దండ పొడవు సుమారు 2 మీటర్లు, అనగా ఆఱున్నర అడుగులు. టవరు చేతి మీద కూర్చున్న మనిషికి తీగ ఆఱున్నర అడుగుల దిగువనే యున్నది. ఉండవలసినది 16 అడుగుల దూరము. అనగా వాడు చేయి చాపకున్నను, తీగవైపు చూడకున్నను, ఉండరాని చోటనే యున్నాడు. "తీగను ముట్టుకోను" అను మాటకు ఈ లెక్కయే సమాధానము.

మఱి లైన్‌మెన్లు ఎక్కుచున్నారు గదా యని కొందఱనవచ్చును. వారు సబ్‌స్టేషను నుండి వ్రాతపూర్వకమైన అనుమతి పొంది, లైనును ఆపించి, పనిచేయు చోటికి ఇరువైపుల తీగలను ఎర్తు చేసిన పిదప ఎక్కుదురు. ప్రాణమున్న లైను మీద పనిచేయు ప్రత్యేక బృందములును గలవు. వారికి వేఱు శిక్షణ, వేఱు దుస్తులు, వేఱు సాధనములు ఉండును. ఇంతటి జాగ్రత్త వారికే అవసరమైనపుడు, ఏమియు తెలియని మనకు చెప్పవలసిన దేమున్నది?

కాకి, గబ్బిలము, మనిషి

"కాకి తీగమీద వ్రాలుచున్నది, దానికేమియు కాదు గదా?" అని ప్రతి తరగతిలోను ఒకరైనను అడుగుదురు. ఇది మంచి ప్రశ్న. విద్యుత్తు ప్రవహించుటకు రెండు చోట్ల నడుమ వోల్టేజి భేదము ఉండవలెను. కాకి రెండు కాళ్ళును ఒకే తీగ మీద, కొన్ని అంగుళముల ఎడమున ఉన్నవి. ఆ రెండు చోట్లను వోల్టేజి దాదాపు సమానమే. అందుచే కాకి దేహముగుండ చెప్పుకొనదగిన ప్రవాహము పోదు. కాకి నేలను తాకుట లేదు, రెండవ తీగను తాకుట లేదు, స్తంభమును తాకుట లేదు.

గబ్బిలము సంగతి వేఱు. వీధిలోని 11 కిలోవోల్టుల తీగల నడుమ చచ్చి వ్రేలాడు గబ్బిలములను మీరందఱును చూచియే యుందురు. పెద్ద గబ్బిలము రెక్కలు విప్పినచో ఒక రెక్క ఒక తీగకును, రెండవ రెక్క వేఱొక తీగకును తగులును. రెండు తీగల నడుమ అది వంతెన యగును. ఆ వంతెన మీదుగా విద్యుత్తు నడచును.

టవరెక్కిన మనిషి కాకివంటివాడు కాడు, గబ్బిలమువంటివాడు. ఉక్కు టవరును భూమికి గట్టిగా కలిపియుంచుదురు. టవరును పట్టుకొన్నవాడు నేలమీద నిలిచినవానితో సమానము. ఎంత ఎత్తున ఉన్నను వాని కాళ్ళు విద్యుత్తు లెక్కలో నేలమీదనే యున్నవి. అట్టివాడు తీగవైపు జరిగినచో తీగకును భూమికిని నడుమ వంతెన యగును. నేలమీది తీగ కంటె టవరు మీది తీగ అపాయకరమగుటకు కారణము ఎత్తు మాత్రము కాదు. అచ్చట పట్టుకొనుటకు దొరకునదంతయు భూమియే.

దేహమున ఏమి జరుగును?

దేహముగుండ పోవు కరెంటు ఒక మిల్లీ ఆంపియరు, అనగా ఆంపియరులో వేయవ వంతు ఉన్నచో చురుక్కుమనును. సుమారు 10 నుండి 15 మిల్లీ ఆంపియర్లు దాటినచో కండరములు బిగిసికొని, పట్టుకొన్నదానిని విడువవలెనన్నను విడువలేము. 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లు ఱొమ్ము మీదుగా పోయినచో హృదయము లయ తప్పి, రక్తమును పంపలేక, ఊరక కంపించుచుండును. కొలది నిమిషములలో ప్రాణము పోవును.

తడిసిన దేహము యొక్క నిరోధము సుమారు 1,000 ఓములని అనుకొందము. 230 వోల్టులను 1,000చే భాగించినచో 230 మిల్లీ ఆంపియర్లు. ఇంటి కరెంటే చంపుటకు చాలును. 110 కిలోవోల్టుల లైనులో తీగకును నేలకును నడుమ సుమారు 63,500 వోల్టులు. దానిని 1,000చే భాగించినచో 63 ఆంపియర్లకు పైగా వచ్చును. ఇది చురుకు కాదు, అగ్ని. గాలిలో దుమికిన ఆ వెలుగును ఇంజనీర్లు ఆర్కు అందురు. దాని వేడిమి సూర్యుని ఉపరితలపు వేడిమిని మించవచ్చును. బట్టలు అంటుకొనును, చర్మమే గాక లోపలి కండరములును మాడును. ప్రాణము మిగిలినవారికిని చేయియో కాలో తీసివేయవలసి వచ్చుట కలదు. ఆ దెబ్బకు పట్టు తప్పి అంత యెత్తునుండి పడుట వేఱొక అపాయము.

ఇంకొకటి. మంట దుమికినపుడు సబ్‌స్టేషనులోని సర్క్యూట్ బ్రేకరు లైనును తెంచును. అయితే పిడుగు వంటి తాత్కాలిక కారణమై యుండునని తలచి, సుమారు ఒక సెకండులో యంత్రము లైనును తనంతట తాను మరల కలుపును. మొదటి దెబ్బతో కరెంటు పోయినదని నమ్మి చేయూత నిచ్చుటకు పోయినవాడు రెండవ దెబ్బకు పడును.

మన ఊరికి దాపున, సరిహద్దునకు ఆవల, సురుటుపల్లిలో పళ్ళికొండేశ్వరుని ఆలయము గలదు. హాలాహలమును మ్రింగిన శివుడు అమ్మవారి ఒడిలో తల యుంచి శయనించిన మూర్తి అచ్చట దర్శనమిచ్చును. విషమును కంఠమున నిలుపుట ఆయనకు చెల్లినది. మనలో ఎంతటి ధైర్యశాలికైనను లక్ష వోల్టులను నిలుపుట చెల్లదు.

టవరు కాళ్ళ దగ్గఱ

ఎక్కకున్నను టవరు నీడ ఆటస్థలము కాదు. లైనులో దోషము కలిగి విద్యుత్తు టవరు మీదుగా భూమిలోనికి దిగునపుడు, ఆ చుట్టునున్న నేలయు వోల్టేజి పొందును. టవరు అడుగున నేల నిరోధము 10 ఓములని, దిగిన కరెంటు 1,000 ఆంపియర్లని అనుకొనుడు. గుణించినచో 10,000 వోల్టులు. టవరు దగ్గఱ ఎక్కువగను, దూరమైనకొలది తక్కువగను ఈ వోల్టేజి నేలమీద పఱచుకొని యుండును. అచ్చట పెద్ద అంగ వేసినవాని రెండు పాదముల నడుమ వోల్టేజి భేదము కలిగి, ఒక కాలిలో ఎక్కిన విద్యుత్తు రెండవ కాలిలో దిగును. ఆవులకు, ఎద్దులకు ముందు కాళ్ళకును వెనుక కాళ్ళకును ఎడము ఎక్కువ. అందుచే మనిషి బ్రతికిన చోట పశువు చచ్చుట కలదు. టవరు కాలికి పశువులను కట్టరాదని చెప్పుటకు ఇదియే కారణము. వాన కుఱియునపుడు, ఉఱుములు ఉఱుమునపుడు టవరు క్రిందికి చేరుట మఱింత తప్పు.

తెగి నేలబడిన తీగ చుట్టును ఇట్లే యుండును. అట్టిదానికి 10 మీటర్లకు తక్కువ కాని దూరమున ఉండవలెను. దగ్గఱలో చిక్కుబడినచో పెద్ద అంగలు వేయక, పాదములు రెండును కలిపి, నేలను ఈడ్చుకొనుచు చిన్న చిన్నగా జరిగి బయటికి రావలెను.

జరిగిన సంగతులు

ఇవి పుస్తకములలోని మాటలు మాత్రమే కావు. 2022 ఏప్రిల్ 27వ తేదీ తెల్లవాఱక ముందు, మన రాష్ట్రములోని తంజావూరు దగ్గఱ కళిమేడు గ్రామమున అప్పరు స్వామి ఉత్సవపు తేరు ఊరేగుచుండెను. తేరు పైభాగము హైటెన్షన్ లైనును సోకినది. 11 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో పిల్లలును గలరు. వారిలో ఎవరును తీగను చేతితో ముట్టుకొనవలెనని పోయినవారు కారు. భక్తితో తేరు వెంట నడచినవారు.

టవరెక్కి కోరికలు తెలుపు అలవాటు తెలుగు నాటను పెరిగినది. 1975లో వచ్చిన షోలే చలనచిత్రమున నాయకుడు నీళ్ళ ట్యాంకు ఎక్కి బెదిరించు దృశ్యము దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. అది నటన. 2023 నవంబరు 11వ తేదీన సికింద్రాబాదు పెరేడ్ గ్రౌండ్సులో జరిగిన బహిరంగ సభలో ఒక యువతి దీపముల స్తంభ మెక్కగా, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రసంగమును ఆపి, తీగల వలన అపాయమని చెప్పి ఆమెను దిగుమని వేడుకొనెను. 2024 మార్చి 17వ తేదీన చిలకలూరిపేట దగ్గఱ బొప్పూడి సభలోను దీపస్తంభము లెక్కినవారిని ఆయనే దింపించెను. ఈ రెండు చోట్లను ఉన్నవి సభా దీపముల తీగలే. వానికే అంత భయపడవలసి యుండగా, లక్షల వోల్టుల టవరు మాట చెప్పనక్కఱలేదు. ఎంత న్యాయమైన కోరికయైనను టవరు కొన మీది నుండి అడుగవలసినది కాదు. దుఃఖము వలన ఎవరైనను అట్టి తలంపునకు వచ్చినచో, వారిని నిందింపక, ఒంటరిగా విడువక, పెద్దల యొద్దకును వైద్యుల యొద్దకును తోడ్కొనిపోవలెను.

మనము చేయవలసినది

గాలిపటము తీగమీదనో టవరుమీదనో పడినచో దానిని మఱచిపోవలెను. దారమును లాగరాదు, తడిసిన దారము, లోహపు పొడి పూసిన దారము విద్యుత్తును మోయును. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతట నిషేధించినది. లైను క్రింద మామిడికాయలు, చింతకాయలు కోయుటకు ఇనుప దోటి నెత్తరాదు. నీటి గొట్టములను నిలువుగా పట్టుకొని లైను క్రింద నడువరాదు. చెఱకు బండిమీద, లారీమీద, రైలు పెట్టెమీద ఎక్కి నిలువరాదు. రైలు మార్గము మీది తీగలో 25,000 వోల్టులు ఉండును.

ఎవరైనను టవరెక్కి యుండుట చూచినచో మనము వెంట ఎక్కరాదు. గుంపు కూడి కేకలు వేయరాదు. ఒకరు శాంతముగా మాటలాడుచుండగా, మఱియొకరు టవరుకు కట్టిన రేకు మీది నంబరును దూరము నుండియే చదివి, విద్యుత్ శాఖకు తెలుపవలెను. తమిళనాడున 94987 94987 అను నంబరును, ఆంధ్రప్రదేశమున 1912 నంబరును పిలువవచ్చును. పోలీసులకు, అగ్నిమాపక దళమునకు 112. అంబులెన్సుకు 108. ఏ టవరో తెలిసినచో ఏ లైను ఆపవలెనో వారికి వెంటనే తెలియును.

ఇచ్చట పాత పాఠము నొకదానిని దిద్దుకొనవలెను. షాకు కొట్టినవానిని ఎండు కఱ్ఱతో వేఱుచేయవలెనని మనమందఱమును చదివితిమి. అది ఇంటి కరెంటుకు మాత్రమే. హైటెన్షన్ దగ్గఱ కఱ్ఱయు, రబ్బరు చెప్పులును రక్షింపజాలవు. లైను ఆగినదని విద్యుత్ శాఖవారు స్వయముగా చెప్పువఱకు పడినవాని దగ్గఱకు పోరాదు. ఎదుట మనిషి పడియుండగా నిలిచి చూచుట ఎంత కష్టమో మే మెఱుగుదుము. అయినను ఇద్దఱను పోగొట్టుకొనుట కంటె ఆ కొన్ని నిమిషములు ఆగుటయే దయ. లైను ఆగిన పిదప శ్వాస లేనిచో, నేర్చినవారు ఱొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా ఒత్తుచుండవలెను. పైకి ప్రాణము పోయినట్లే కనబడినవారును దీనివలన బ్రతికిన సందర్భములు గలవు.

బోర్డు మీది మాట

భారత విద్యుత్ నిబంధనలు 1956లో వచ్చినవి. టవర్ల మీద పుఱ్ఱె, ఎముకల గుర్తుతో అపాయ సూచికను హిందీలో గాని ఇంగ్లీషులో గాని, దానితో పాటు జిల్లా భాషలోను వ్రాయవలెనని అవి విధించినవి. మన జిల్లాలో ఆ భాష తమిళము. ఇంటిలో తెలుగు మాటలాడుచు, తమిళము ఇంకను చక్కగా చదువలేని చిన్నపిల్లలు మనలో గలరు. వారికి పెద్దవారు చదివి చెప్పవలెను. చెప్పుట కష్టము కాదు. ఆ బోర్డు మీద తమిళమున వ్రాసినది "అపాయం" అనియే. మన మాటయు అదియే. రెండు భాషలును కలిసి ఒక్క గొంతుతో చెప్పుచున్న మాట అది. అక్షరములు రానివానికి పుఱ్ఱె గుర్తు చాలును.

ఆ ఏడవ తరగతి బాలునికి మే మొక గాలిపటము కొనియిచ్చితిమి. మఱునాడు తరగతిలో నల్లబల్ల మీద టవరు బొమ్మ గీసి, ఈ లెక్కలన్నియు వాని చేతనే చేయించితిమి. 16 అడుగులని తేలిన పిదప, ఆఱున్నర అడుగుల దండవైపు వాడు కొంతసేపు చూచి, "అయితే ముట్టకపోయినా ముట్టినట్టే సార్" అనెను. పాఠము యొక్క రెండవ సగమును మాకంటె క్లుప్తముగా వాడే చెప్పెను. ఆ మాటను మన పాఠశాలలోని ప్రతి విద్యార్థియు ఇంటికి కొనిపోయి, తమ్ములకును చెల్లెండ్రకును చెప్పవలెనని మా కోరిక.

ప్రశ్నలు

1. కాకికి లేని అపాయము గబ్బిలమునకు ఏల కలుగును?
2. ఆంధ్రప్రదేశములోని 132 కిలోవోల్టుల లైనుకు పైన చెప్పిన నియమము ప్రకారము ఎన్ని అడుగుల దూరమున ఉండవలెను?
3. ఎండు కఱ్ఱ ఏ విద్యుత్తు దగ్గఱ పనికివచ్చును? ఏ విద్యుత్తు దగ్గఱ పనికిరాదు?
4. మీ ఇంటికి దాపున నున్న టవరు మీది బోర్డును దూరము నుండియే చూచి, అందున్న మాటలను మీ ఇంటివారికి చదివి వినిపింపుడు.